నడుమ వచ్చింది

మా నాయన చంద్రయ్యకు ఆస్తి అని చెప్పుకోవడానికి రెండే ఉన్నాయి. ఒకటి, వేములపల్లి దాటాక ఎడమ కాలువ కింద ఉన్న కాస్త పొలం. రెండోది ఒక పటం. పొలం తాతల నాటిది. పటం మాత్రం ఆయన సొంత సంపాదన. సూర్యాపేటలో సైన్‌బోర్డులు రాసే ఒకాయన చేత, నేను పుట్టకముందే, దుప్పటంత గుడ్డ మీద వేయించుకున్నాడు. కింది నుంచి పైకి మెట్లు. మొదటి మెట్టు మీద చేప, దాని పైన కప్ప, తొండ, కోతి, ఆ పైన చేతిలో రాయి పట్టుకున్న మనిషి. అక్కడి నుంచి అన్నీ మనుషుల మెట్లే. వేటాడే గుంపు, గొలుసులతో బానిస, దొర ముందు వంగిన జీతగాడు, మిల్లు ముందు కూలీ. అన్నిటికన్నా పైన పొద్దుపొడుపు, దాని కింద ఒకే ఎత్తున నిలబడ్డ జనం. ఆ జనంలో ఒకామెకు మా అమ్మ ముక్కుపుల్ల లాంటిదే ఉంటుంది. నాయన అడిగి మరీ పెట్టించాడని అందరూ అంటారు. అమ్మ మాత్రం ఒప్పుకోదు.

కమ్యూనిస్టు పార్టీలో ఉన్నంత కాలం నాయన ఈ పటాన్ని చంకన పెట్టుకుని ఊళ్లు తిరిగాడు. నిడమనూరు, పెద్దవూర, ఎక్కడ పదిమంది కూర్చుంటే అక్కడ వేపకొమ్మకో దూలానికో వేలాడదీసి, కందికట్టె చేతబట్టి క్లాసు చెప్పేవాడు. మా వైపు పటం కథలు చెప్పేవాళ్లుంటారు. ఒక్కో కులం వాళ్ల ఇళ్లకు వచ్చి, పటం విప్పి, ఆ కులం ఎట్లా పుట్టిందో పాడి పోతారు. నాయనను వాళ్లతో పోల్చి ఎవరైనా నవ్వితే తనూ నవ్వేవాడు.

"వాళ్లు నీ కులం యాడ పుట్టిందో చెప్తరు. నేను యాడ పోతదో చెప్త. గంతే తేడా" అనేవాడు.

క్లాసు ఎక్కడ మొదలైనా, ఎంత సాగినా, ఆఖరున ఒక్కటే మాట. కందికట్టెతో జీతగాడి బొమ్మను తాకి, కింద కోతి దాకా దించుకొచ్చి చెప్పేవాడు. "కోతులల్ల కులం లేదు. మొదటి మనిషికి లేదు. ఎక్కువ తక్కువ పుట్టుకతోటి రాలే, నడుమ వచ్చింది. నడుమ వచ్చింది నడుమనే పోతది." ఆ తర్వాత ఇంకో ముక్క మాట్లాడడు. పటం చుట్టేస్తాడు.

ఆ మాట విన్నవాళ్లు ఎందరో ఉంటారు. దాన్ని పట్టుకుని బతికినవాడు నాకు తెలిసి ఒక్కడే, భీమ్లా కాక. కాలువ అవతలి తండా వాళ్లది, మా పంచాయతీయే. కుర్రతనంలో మా ఊరి పెద్ద ఆసామి ఇంట్లో జీతానికి ఉండేవాడు. ఆ ఇంటి ముందు నుంచి నడవాలంటే చెప్పులు చేతిలో పట్టుకోవాలి. నాయన క్లాసు విన్న మర్నాడు భీమ్లా కాక చెప్పులు కాళ్లకే ఉంచుకుని నడిచాడు. దెబ్బలు పడ్డాయి. ఆ పై రోజు మళ్లీ అట్లాగే నడిచాడు. ఎందుకురా నీకీ పొగరు అంటే, "నడుమ వచ్చింది పోవాలె గద" అన్నాడట. ఇప్పుడు ఆయన పొలమూ మా పొలమూ ఒడ్డు కలిసి ఉంటాయి. ఒకే తూము నీళ్లు తాగుతాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్నటి చలికాలం పంచాయతీ ఎన్నికల్లో ఆ ఒక్క మాటా మా ఇంటి నుంచి జారిపోయింది.

నేను కోదాడ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పరిణామం పాఠం వచ్చినప్పుడల్లా నాయనతో నాకు తగాదా. జీవులు మెట్లెక్కి రాలేదు నాయినా, చెట్టుకు కొమ్మలు వచ్చినట్టు వచ్చాయి, కోతి మన తాత కాదు, మన వరుసకు ఏ బావో అవుతుంది అనేదాన్ని. కోతుల్లో కులం లేకపోవచ్చు గానీ గుంపులో పెద్దకోతి పెత్తనం చూశావా అని కూడా అనేదాన్ని. ఆయన వినేవాడు. విని, తువ్వాలతో మూతి తుడుచుకునేవాడు.

"నీ చెట్టు నిజమే కావచ్చు బిడ్డా. గని నీ చెట్టును చూపెడితే ఎవడన్న సమ్మె చేస్తడా? మెట్లు చూపెట్టు, మనిషికి కాలు లేస్తది."

నిచ్చెన ఏ గోడకైనా ఆనుతుందన్న సంగతి అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

కార్తీకం పోయి యాసంగి నార్లు పోసే రోజులు. శనివారం బడి అయ్యాక హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో చెప్పుల కుప్ప. సర్పంచి సీటు ఆడవాళ్లకు వచ్చింది. మా తమ్ముడు ఉపేందర్ భార్య కళ్యాణిని నిలబెట్టాలని మహిళా సంఘం వాళ్లంతా వచ్చి కూర్చున్నారు. కళ్యాణి మాట మీద మాట వేసే మనిషి కాదు, పని మీద పని వేసుకునే మనిషి. తండాకు నల్లా నీళ్లు రాలేదని మండలాఫీసు చుట్టూ తిరిగి తిరిగి తెప్పించింది ఆమే. ఆమె కళ్లలో ఆ రోజు ఉన్న వెలుగు పెళ్లినాడు కూడా చూడలేదు నేను.

వాళ్లంతా వెళ్లాక కంచాల ముందు కూర్చున్నాం.

"వదినా, రోడ్లు నీళ్లు ఎవలు అడుగుతలేరు" అన్నది కళ్యాణి. "కోతులను పట్టిస్తవా పట్టియ్యవా, గదొక్కటే అడుగుతున్నరు."

నిజమే. ఊళ్లో ఓటర్ల కన్నా కోతులే ఎక్కువైపోయాయి. గుట్టలన్నీ కంకర క్వారీలకు కరిగిపోయాక అవి ఇళ్ల మీద పడ్డాయి. అమ్మ పెట్టిన సొరపాదుకు పిందె కాయ అయ్యి రెండేళ్లయింది. పొద్దున చల్ల చిలికే వేళకు కిటికీలో చెయ్యి, ఆ చేతికి గోళ్లు. తండాలో ఒక ముసలామెను డాబా మీది నుంచి తోసేస్తే ఆమె ఇప్పటికీ కర్రతో నడుస్తోంది.

"పట్టిస్తనని చెప్పరాదా మరి?" అన్నాను.

"చెప్పిన. మీది దేవుడు లేని ఇల్లు, హనుమంతుని రూపాలను ఎత్తుకపోయి సంపుతరు అంటున్నరు. పోటీల ఉన్న అవతలామె గుడి కమిటీ తోటి పూజ చేయించి సాగనంపుతదట. మనం ముట్టుకుంటే అరిష్టమట."

నాయన అన్నం కలుపుతూ ఆగాడు. మా అమ్మ దేవమ్మ పప్పు వడ్డిస్తూ నా వైపు చూసింది. మా ఇంట్లో దేవుడు లేడన్నది ఊరి మాట. నిజానికి అమ్మ బియ్యం డబ్బా వెనక చిన్న ఆంజనేయుడి పటం పెట్టుకుంది. నాయన ఏనాడూ బియ్యం డబ్బా వెనక్కి చూడలేదు. చూడకుండా ఉండడమే ఆయన మర్యాద.

మర్నాడు పొద్దున్నే గుడి కమిటీ చైర్మన్ వెంకటనర్సయ్య మా ఇంటికి వచ్చాడు. మిర్యాలగూడలో రైసుమిల్లు ఉంది ఆయనకు, మా ఉపేందర్ అందులోనే ఆపరేటర్. భీమ్లా కాకను జీతానికి పెట్టుకున్న ఆసామి కొడుకు ఈయనే. తండ్రిలాంటివాడు కాదు. ఎదురుపడితే తనే ముందు దండం పెడతాడు. మంచం చూపిస్తే కూర్చోకుండా గడప పక్కన స్టూలు లాక్కున్నాడు.

"మామా, నీ గొంతు నేను పోరగానిగ ఉన్నప్పుడు మా గోడ లోపటికెల్లి విన్న" అన్నాడు. "నువ్వు క్లాసు మొదలు పెట్టంగనే మా నాయన కిటికీలు మూపిచ్చేటోడు. నేను సందుల చెవి పెట్టి వినేది. చేప, కప్ప, కోతి. మస్తుగుండేది."

నాయన ముఖం మీదికి నెమ్మదిగా నవ్వు వచ్చింది.

"వచ్చే శనివారం గుడి ముంగట భజన ఉన్నది. అయిపోయినంక నువ్వు చెప్పు. గదే క్లాసు. దశావతారాలు గూడ గట్లనే ఉన్నయ్ గద మామా. ముందు చేప, ఎన్కసిరి తాబేలు, ఎన్కసిరి పంది, ఆ మీద సగం మృగం సగం మనిషి. మన పెద్దలు చెప్పిందీ నువ్వు చెప్పిందీ ఒక్కటేనని ఊరికి తెలుస్తది. మీ ఇంటి మీద ఉన్న మాట పోతది. కళ్యాణి మా చెల్లె లెక్క. పూజ చేపిచ్చే బాధ్యత నాది."

అందులో బెదిరింపు లేదు, బేరం లేదు. అదే ఇబ్బంది. కిటికీలు మూయించిన ఇల్లు ఇవాళ పందిరి వేసి పిలుస్తోంది. ఇరవై ఏళ్లుగా మా నాయనను ఎవరూ క్లాసు చెప్పమని పిలవలేదు. పార్టీ రెండుగా చీలి, మూడుగా చీలి, ఉన్నవాళ్లు ముసలివాళ్లై, పటం దూలం మీద దుమ్ముకొట్టుకుపోయింది. మాటకారికి వినేవాళ్లు లేకపోవడం ఎంత కష్టమో ఆయన పొలంలో ఎద్దులతో మాట్లాడుతున్నప్పుడు విన్నవాళ్లకు తెలుస్తుంది.

"మామా, నా కోసం ఒక్కసారి" అన్నది కళ్యాణి, వెంకటనర్సయ్య వెళ్లిపోయాక. గట్టిగా అడగలేదు. చీపురు చేతిలో పట్టుకుని నిలబడి, నేల వైపు చూస్తూ అడిగింది. కాదనడానికి ఎవరికైనా నోరు రాదు.

ఆ సాయంత్రం నాయన వాకిట్లో కూర్చుని వేళ్ల మీద అవతారాలు లెక్క పెట్టుకుంటున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"ఇగో సూడు బిడ్డా. పరశురాముని చేతిల గొడ్డలి. రాముని చేతిల విల్లు. బలరాముని చేతిల నాగలి. అడవి కొట్టుడు, వేట, ఎవుసం. మన పటం లెక్కనే ఉన్నది గద వరుస."

"తాబేలుకెల్లి పంది రాలేదు నాయినా."

"క్లాసంటే పరీచ్చ పేపరు కాదు. జనం నిలబడ్డ తాన్నుంచే అందుకోవాలె. ఈ మెట్టు వాళ్లది, పై మెట్టు మనది. మెల్లగ ఎక్కించుకపోయి ఆఖరి మాట కాడ దించుత."

నాకూ అది తెలివైన ఉపాయంగానే తోచింది. ఆ మాట వెంకటనర్సయ్య పందిట్లోనే, వెంకటనర్సయ్య మైకులోనే చెప్పడమంటే అంతకన్నా ఏం కావాలి? ఒప్పుకోనిది అమ్మ ఒక్కతే. చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే అన్నది.

"దేవుని ముచ్చట దేవుణ్ణి నమ్మినోళ్లు చెప్పాలె. నమ్మకపోతే నమ్మకపోతివి. గదొక్కటే ఇన్నేండ్లు నీ దగ్గర నిఖార్సుగ ఉండె."

నాయన నవ్వేశాడు. "నువ్వు సుత నాకు క్లాసు చెప్తున్నవా దేవీ" అన్నాడు. అమ్మ నవ్వలేదు.

మరుసటి శనివారం నేను వచ్చేసరికి భీమ్లా కాక మా ఇంట్లోనే ఉన్నాడు. తెల్ల ధోవతి ఉతికి కట్టుకుని, మనవలు ధర్మా, ద్వాళి ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. ధర్మా సూర్యాపేటలో డిగ్రీ, ద్వాళి ఇంటర్. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లు.

"మస్తు ఏండ్లాయె గదన్నా నీ క్లాసు వినక" అన్నాడు భీమ్లా కాక. "చెప్పుల ముచ్చట నేను చెప్తే వీళ్లు కథ అనుకుంటున్నరు. ఆ ఆఖరి మాట నీ నోటెంట వింటే నమ్ముతరు."

"వింటరు తియ్" అన్నాడు నాయన, పటం దుమ్ము దులుపుతూ.

గుడి ముందు పందిరి నిండిపోయింది. భజన అయిపోయి కొబ్బరి ముక్కలు పంచుతున్నారు. మంగళహారతి పొగ ఇంకా గాల్లో ఉంది. ఆడవాళ్ల వైపు కళ్యాణి అందరినీ సర్దుకుని కూర్చోబెడుతోంది. అవతలి వర్గం వాళ్లు కూడా వచ్చారు, నాస్తికుడు గుళ్లో ఏం చెబుతాడో చూద్దామని. గుడి మండపం మీద కోతులు వరసగా కూర్చుని ఉన్నాయి, కొబ్బరి కోసం. వాటిని చూసి జనం నవ్వుకుంటున్నారు.

నాయన పటం తగిలిద్దామని చూస్తే కొక్కేనికి అప్పటికే ఒక పెద్ద ఫ్లెక్సీ వేలాడుతోంది.

"నీ పటం పాతదాయె మామా, గుడ్డ చినుగుతదని మిర్యాలగూడల కొత్తది కొట్టిచ్చిన" అన్నాడు వెంకటనర్సయ్య.

ఎంత బాగుందో అది. మెట్లు అట్లాగే ఉన్నాయి. కింద నీళ్లలో చేప, ఆ పైన తాబేలు, పంది, నరసింహుడు, గొడ్డలి, విల్లు, నాగలి. ఆ పైన మెట్లు లేవు. నాగలి మెట్టు మీద ఒక పచ్చటి పొలం, దాని వెనక మా గుడి గోపురం, అంతే. నాయన ఒక్క క్షణం దాని వైపు చూసి, తన పటాన్ని చుట్టి ఉన్నట్టే పందిరి గుంజకు ఆనించాడు. కందికట్టె మాత్రం చేతిలోకి తీసుకున్నాడు.

"మొదట అంత నీళ్లే ఉండె" అని మొదలుపెట్టాడు.

ఆ గొంతు. నేను చిన్నప్పుడు ఆ గొంతు వింటూ పటం కిందే నిద్రపోయేదాన్ని. ముసలితనం దాని జోలికి పోలేదు. చేప దగ్గర పిల్లలు నవ్వారు. పంది దగ్గర పెద్దవాళ్లు నవ్వారు. నరసింహుడి దగ్గర గోవిందలు కొట్టారు. ఎవరో ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. ఒక్కో మెట్టుకు చప్పట్లు. చప్పట్లు పడ్డ కొద్దీ నాయన వీపు నిటారు అవుతోంది. జనం మధ్య నుంచి "మన చంద్రయ్య తాతనేనా" అని ఎవరో అంటుంటే నాకూ ఒళ్లు పొంగింది. అబద్ధమెందుకు చెప్పాలి, ఆ నిమిషంలో నేను కూడా చప్పట్లు కొట్టాను.

నాగలి మెట్టు వచ్చింది. భీమ్లా కాక చివరి వరసలో కూర్చున్నవాడు కాస్తా మోకాళ్ల మీద లేచి, మనవడి భుజం తట్టాడు. ఇక్కడి నుంచి విను అన్నట్టు. ఇక్కడి నుంచి క్లాసు నాకూ కంఠతా వచ్చు. నాగలి వచ్చినంక పంట మిగిలింది. మిగిలింది ఒకడు దాచుకున్నడు. దాచుకున్నోడు దొర అయిండు, దున్నినోడు జీతగాడు అయిండు. అక్కడ నాయన కట్టె జీతగాణ్ణి తాకుతుంది.

"నాగలి వచ్చినంక పంట మిగిలింది" అన్నాడు నాయన.

కట్టె ఫ్లెక్సీ మీద పైకి పోయింది. తాకడానికి అక్కడ జీతగాడు లేడు. పచ్చటి పొలం ఉంది. నాయన గుంజకు ఆనించిన తన పటం వైపు తిరిగాడు. వంగి దాన్ని చేతిలోకి కూడా తీసుకున్నాడు. ముందు వరసలో వెంకటనర్సయ్య చేతులు కట్టుకుని, చిన్నపిల్లవాడు కథ విన్నట్టు వింటున్నాడు. ఆయన వెనక కళ్యాణి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సంతోషంతో కళ్లు తుడుచుకుంటోంది. నాయన ఇద్దరినీ చూశాడు. గ్లాసెత్తి మంచినీళ్లు తాగాడు. పటాన్ని మళ్లీ గుంజకు ఆనించాడు.

"పంట మిగిలింది. అందరు కడుపునిండ తిన్నరు" అన్నాడు.

పందిరి లేచిపోయేటట్టు చప్పట్లు. పూజారి గంట కొట్టాడు. వెంకటనర్సయ్య శాలువా పట్టుకుని వేదిక ఎక్కాడు. ఆ సందడిలో నేను వెనక్కి చూస్తే భీమ్లా కాక ధోవతి దులుపుకుంటూ లేస్తున్నాడు. ధర్మా ఏదో అడుగుతున్నాడు. కాక తల అడ్డంగా ఊపి, వాడి చెయ్యి పట్టుకుని కాలువ గట్టు వైపు నడిచాడు.

కళ్యాణి గెలిచింది. లెక్కింపు అయిన సాయంత్రం రంగులు చల్లుకున్నారు, డీజే పెట్టారు, ఉపేందర్ ఎగిరాడు. తండా ఓట్లన్నీ మాకే పడ్డాయి. భీమ్లా కాక దగ్గరుండి వేయించాడని, ముసళ్లను ఆటోలో తోలుకొచ్చాడని చెప్పుకున్నారు. దండ వేద్దామని కళ్యాణి తండాకు పోతే ఆయన ఇంట్లో లేడు. పొలంలో నాట్లు పడుతున్నాయి అన్నారు.

నాయన ఊరేగింపులోకి రాలేదు. ఒంట్లో నలతగా ఉందన్నాడు. ఆ రాత్రికి ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

వీడియో మాత్రం ఊరు దాటింది. వారం తిరగకముందే కోదాడలో మా లెక్కల మాస్టారు కృష్ణ గారు స్టాఫ్‌రూములో ఫోను నా ముందు పెట్టారు.

"మీ నాన్నగారంట కదండీ. ఎంత బాగా చెప్పారండీ. పూర్వం కమ్యూనిస్టంట కదా, ఆఖరికి తెలుసుకున్నారన్నమాట. మా కాలనీ గుడిలో ఒకసారి చెప్పిద్దామనుకుంటున్నాం. మీరొక మాట వెయ్యండి."

ఆఖరికి తెలుసుకున్నారన్నమాట. ఆ మాట చెవిలో పెట్టుకునే క్లాసుకు వెళ్లాను. మధ్యాహ్నం పదో తరగతిలో బోర్డు మీద జీవుల చెట్టు గీస్తుంటే వెనక బెంచీ నుంచి కావ్య అనే పిల్ల లేచింది.

"మేడం, మీ డాడీ వీడియోలో మెట్లున్నాయి కదా. మీరు చెట్టు గీస్తున్నారేంటి?"

"మెట్లు కావమ్మా, కొమ్మలు" అన్నాను.

"మరి ఆయన అబద్ధం చెప్పారా?"

పిల్లలంతా నా వైపే చూస్తున్నారు. మా నాయన జీవితంలో అబద్ధం చెప్పలేదు అని అనబోయాను. అనలేక, పుస్తకం తెరవండి అన్నాను.

ఆ శనివారం ఇంటికి వస్తే నాయన పొలంలో ఉన్నాడని అమ్మ చెప్పింది. వెళ్లాను. యాసంగి నాట్లు అయిపోయి, నీళ్ల మీద పచ్చదనం ఇంకా పలచగా ఉంది. తూము దగ్గర నాయన, భీమ్లా కాక. ఇద్దరూ ఒడ్డుకు అటొకరు ఇటొకరు కూర్చుని ఉన్నారు. నేను చెప్పులు విప్పి ఒడ్డెక్కేసరికి నాయన గొంతు వినబడింది.

"ఆ మాట చెప్పుడు మర్సిపోయిన భీమ్లా" అంటున్నాడు.

భీమ్లా కాక బురద అంటిన చేతులు కాలువలో కడుక్కుంటున్నాడు. తొందరపడలేదు.

"మర్సిపోలే అన్నా నువ్వు" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "నీకు కోడలు గెలుసుడు ముఖ్యమనిపించింది. నాకు సుత గదే అనిపించింది, గందుకే ఓట్లు ఏపిచ్చిన. కళ్యాణమ్మ మంచిది."

"ఇప్పుడు చెప్త. పటం తెస్త. తండాల చెప్త."

"మాకెందుకన్నా? మాకు ఎరికనే. ఎరికలేనోళ్లు ఆ పందిట్ల కూసున్నరు. ఇగ వాళ్లు నిన్ను మల్ల ఆ మాట కోసం పిలువరు."

నాయన ఏదో అనబోయాడు. కాక ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"గదంత పోనీ. ఇంటికి పోయినంక మా ధర్మగాడు అడిగిండు. తాతా, నువ్వు చెప్పిన మాట ఆయన చెప్పలేదేంది, నువ్వే పెట్టి చెప్పినవా అని. చెప్పుల ముచ్చట సుత గట్లనేనా అన్నడు. నవ్వుకుంటనే అన్నడు, పోరడు. నేనేం చెప్పాలె అన్నా వానికి?"

భీమ్లా కాక చేతులు తువ్వాలకు తుడుచుకుని, నన్ను చూసి "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా" అని పలకరించి, పార భుజాన వేసుకుని తన మడి వైపు వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ తూములో అడ్డం పడ్డ చెత్త తీసి నీళ్లు మా వైపు కూడా సరిగ్గా పారేటట్టు చేసిపోయాడు.

కోదాడ వాళ్ల పిలుపు సంగతి ఇంటికి వచ్చేదారిలో నాయనకు చెప్పాను. అక్కడన్నా ఆ మాట చెప్పు నాయినా అన్నాను.

"చెప్పాల్సిన కాడ చెప్పలే. ఇంకో కాడ చెప్పినా ఆ లోటు తీరదు బిడ్డా" అన్నాడు నాయన. ఆ తర్వాత ఎవరు పిలిచినా పోలేదు. పటాన్ని మళ్లీ దూలం మీదికి ఎక్కించాడు. అమ్మ మాత్రం ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు. బియ్యం డబ్బా వెనకున్న ఆంజనేయుణ్ణి ఇప్పుడు బయట గోడకు పెట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఆమె పెట్టలేదు.

కోతులను పట్టించారు. గుంటూరు వైపు నుంచి బోన్ల వాళ్లు వచ్చారు. వెంకటనర్సయ్య అన్న మాట ప్రకారం పూజ చేయించాడు. బోన్లు ఎక్కించిన వ్యాన్లు అడవి వైపు పోతుంటే పిల్లలు వెంటపడి టాటాలు చెప్పారు. సంక్రాంతి దాటేసరికి సగం తిరిగి వచ్చాయి. మిగిలినవి ఎవరి ఊళ్లో పడ్డాయో తెలియదు.

మిగిలిపోయింది ఆ శనివారం క్లాసు ఒక్కటే. దాన్ని రికార్డు చేసి పెట్టుకున్నారు. ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం భజనకు ముందు జనం పోగవడానికి గుడి మైకులో వేస్తారు. కళ్యాణి విషయం తెలుసుకుని, సర్పంచి హోదాలో కాదు, ఇంటి కోడలిగా పోయి ఆపమని అడిగింది.

వెంకటనర్సయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడట. "మీ మామ గొంతే గదమ్మా, మా గొంతు కాదు గద" అన్నాడట. ఆమె తిరిగివచ్చి, వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, ఎవరికీ కనబడకుండా ఏడ్చింది. నేను గెలిచిన్నా వదినా అని నన్ను అడిగింది. గెలిచినవే అన్నాను. తండా నల్లాలకు ఇంకో పైపు వేయించింది, బడికి గోడ కట్టిస్తోంది. గెలవడమంటే అది కాదని ఎట్లా అంటాను?

నిన్న శనివారం కూడా పొలానికి వెళ్లాను. వరి మోకాలెత్తు వచ్చింది. నాయన ఒడ్డు మీద కూర్చుని ఉన్నాడు. తూము అవతల భీమ్లా కాక నీళ్లు మలుపుతున్నాడు. పొద్దు వాలుతుండగా గుడి మైకు అందుకుంది. మా నాయన గొంతు, ముసలితనం సోకని గొంతు, మా పొలం మీదుగా, కాలువ మీదుగా, తండా దాకా పోయింది. చేప, తాబేలు, గొడ్డలి, విల్లు. అక్కడక్కడా చప్పట్లు.

"నాగలి వచ్చినంక పంట మిగిలింది. అందరు కడుపునిండ తిన్నరు."

చప్పట్లు మోగుతున్నంతసేపూ నాయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏం మాటో నాకు తెలుసు. భీమ్లా కాకకూ తెలుసు. ఆయన తలెత్తలేదు. పారతో ఇంత మట్టి తీసి గండికి వేశాడు. గుళ్లో జనం ఇంకా పోగవలేదేమో, చప్పట్లు ఆగగానే మైకు మళ్లీ మొదటికి వచ్చింది.

"మొదట అంత నీళ్లే ఉండె" అన్నాడు మా నాయన.